ఏడేళ్ల ఎదురుచూపు – విలియం కేరీ జీవితం



పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మూడో తరగతి బాబు నాన్నగారు ఒకరు నా ఎదురుగా కూర్చున్నారు. ప్రోగ్రెస్ కార్డు తెరవకుండానే ఒక మాట అడిగారు. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియంలోనే చదివిస్తున్నామని, ఇన్నేళ్లయినా బాబు ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ వాక్యం కూడా మాట్లాడడం లేదని, ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడాలని. ఆయన కోపంగా అడగలేదు. అలసిపోయి అడిగారు. ఫీజు కట్టడానికి ఒక ఇంట్లో ఎన్ని కోరికలు వాయిదా పడతాయో నాకూ తెలుసు. నేనూ అలాంటి ఇంట్లోంచే వచ్చాను.

బీఈడీలో నేర్చుకున్న జవాబే చెప్పాను. పిల్లలు ముందు వింటారు, తర్వాతే మాట్లాడతారు అని. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఆ జవాబు ఆయనకు సరిపోలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిపోలేదు. ఓపిక పట్టండి అని చెప్పడం తేలిక. ఓపిక పట్టే ఆ రోజుల్లో ఏం చేయాలో చెప్పడమే కష్టం.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే నాకు విలియం కేరీ గుర్తొచ్చారు. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి బెంగాల్‌కి వచ్చిన క్రైస్తవ మిషనరీ ఆయన. మన తెలుగు భాషతో కూడా ఆయనకు చుట్టరికం ఉంది, దాని సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను. మన స్కూల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. కేరీ ఓపిక మాత్రం ఆయన విశ్వాసంలోంచి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఆయన కథ చెప్పడం కుదరదు. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా ఈ కథలో మనకు పనికొచ్చేది ఉంది. మనం జాగ్రత్త పడాల్సింది కూడా ఉంది.

చెప్పుల దుకాణంలో చదువు

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ జిల్లాలో, పాలర్స్‌పరీ అనే పల్లెటూరిలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మొదట మగ్గం నేసేవారు, తర్వాత అదే ఊరి బడిలో పంతులయ్యారు. కొడుకుని పెద్ద చదువులకు పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. పొలం పనికి పెడదామంటే ఎండ తగిలితే ఒళ్లు పాడయ్యే చర్మవ్యాధి. అందుకని పద్నాలుగేళ్ల వయసులో పక్క ఊళ్లో చెప్పులు కుట్టే పనికి పెట్టారు.

ఆ దుకాణంలో బైబిల్ వ్యాఖ్యానం పుస్తకం ఒకటి ఉండేది. అందులో అక్కడక్కడా గ్రీకు మాటలు. ఆ అక్షరాలు కేరీకి తెలియవు. వాటి ఆకారం కాగితం మీద గీసుకుని, సొంతూరు వెళ్లినప్పుడు చదువుకున్న ఒక నేతపనివాడి దగ్గర అడిగి తెలుసుకునేవారు. గ్రీకు చదువు అలా మొదలైంది. తర్వాత లాటిన్, హీబ్రూ, ఫ్రెంచ్, డచ్ కూడా అలాగే పట్టుదలతో నేర్చుకున్నారు. చెప్పు కుడుతుంటే పక్కనే ఒక పుస్తకం తెరిచి ఉండేది.

1781లో డొరొతీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమెకు చదువు రాదు. పుట్టిన పిల్లల్లో ఇద్దరు ఆడపిల్లలు పసితనంలోనే చనిపోయారు. 1783లో కేరీ నెన్ నదిలో బాప్తిస్మం తీసుకుని బాప్టిస్టు సంఘంలో చేరారు. తర్వాత మౌల్టన్ అనే ఊళ్లో బడి పెట్టి, అక్కడి చిన్న సంఘానికి పాస్టరుగా కూడా ఉన్నారు. జీతం చాలక చెప్పులు కుట్టడం మానలేదు. గోడకు చేత్తో గీసిన ప్రపంచ పటం ఒకటి వేలాడేది. ఏ దేశంలో ఎంతమంది ఉన్నారు, వారి మతం ఏమిటి అని దాని మీద రాసుకునేవారు. క్రీస్తు మాట ఆ దేశాలన్నిటికీ చేరాలి, దానికోసం ఎవరో ఒకరు బయలుదేరాలి అన్నది ఆయన తపన.

తోటి పాస్టర్లకు ఆ మాట ఏళ్ల తరబడి చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1792లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. ఆ అక్టోబర్ 2న కెటరింగ్ అనే ఊళ్లో ఒక ఇంటి గదిలో కొద్దిమంది కూడి బాప్టిస్టు మిషనరీ సంఘాన్ని మొదలుపెట్టారు. ఆ రోజు వాళ్లు ఇస్తామని రాసిన చందా మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ప్రపంచం మొత్తానికి సువార్త చేర్చాలన్న పనికి పెట్టుబడి అంతే.

ఎక్కిన ఓడ దిగాల్సి వచ్చింది

ఆ సంఘం తరఫున కేరీ, అంతకుముందే బెంగాల్‌లో పనిచేసిన జాన్ థామస్ అనే డాక్టరు కలిసి 1793 ఏప్రిల్‌లో బయలుదేరారు. డొరొతీ రానంది. నెలలు నిండిన గర్భిణి ఆమె. సముద్రం ముఖం ఎరగని మనిషి. కేరీ పెద్దకొడుకు ఫెలిక్స్‌ని మాత్రం వెంట తీసుకెళ్లారు.

ఓడ సముద్రంలోకి పోనేలేదు, వీళ్లని దింపేశారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా మిషనరీలు ఇండియాకి పోకూడదు. పైగా థామస్‌కి అప్పులున్నాయి. సామాను ఒడ్డున పెట్టుకుని తమ ఓడ తమను వదిలి వెళ్లిపోవడం చూస్తూ నిలబడ్డారు. అన్నేళ్ల ప్రార్థన అక్కడితో ముగిసినట్టే అనిపించి ఉంటుంది.

అయితే ఆ ఆలస్యం వల్లే ఒకటి జరిగింది. కేరీ ఇంటికి తిరిగి వెళ్లారు. ఈలోపు డొరొతీకి ప్రసవమై మగబిడ్డ పుట్టాడు. తన చెల్లెలు తోడొస్తే తానూ వస్తానని ఆమె ఒప్పుకుంది. జూన్ 13న డెన్మార్క్ దేశపు ఓడలో అందరూ కలిసి బయలుదేరి, ఐదు నెలల ప్రయాణం తర్వాత నవంబర్ 11న కలకత్తా చేరారు. కేరీ మళ్లీ ఇంగ్లండు చూడలేదు.

ఓడ తప్పడం దేవుడు చేసిన మేలని కేరీ నమ్మారు. ఆయన వైపు నుంచి చూస్తే నిజమే. డొరొతీ వైపు నుంచి చూస్తే ఏమనిపిస్తుందో, మిగతా కథ చదివాక మీరే చెప్పండి.

ఉత్తరం కూడా రాని రోజులు

కలకత్తాలో దిగిన కొద్ది వారాలకే చేతిలో డబ్బు అయిపోయింది. సుందరవనాల అంచున అడవి నరికి ఇల్లు వేసుకోవడం మొదలుపెట్టారు. తల్లికీ పిల్లలకీ రక్త విరేచనాలు. అప్పుడు మాల్దా జిల్లాలో ముద్నాబాటి అనే చోట నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజరు ఉద్యోగం దొరికింది. 1794లో అక్కడికి మారారు.

ఆ అక్టోబర్‌లో ఐదేళ్ల పీటర్ చనిపోయాడు. తండ్రి కూడా జ్వరంతో మంచం మీదే ఉన్నారు. పిల్లవాడిని మోసుకెళ్లి పూడ్చడానికి మనుషులు దొరకలేదు. పరాయి మతం వారి శవాన్ని ముట్టుకుంటే కులం పోతుందని భయం. ఆ దుఃఖం నుంచి డొరొతీ తేరుకోలేదు. కొద్ది నెలల్లోనే ఆమె మనసు చెదిరింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, అరుపులు, కొన్నిసార్లు మీద పడి కొట్టడం. తర్వాతి రోజుల్లో ఆమెను ఇంట్లోనే ఒక గదిలో ఉంచి తలుపు వేయాల్సి వచ్చింది. 1807 డిసెంబర్‌లో చనిపోయేదాకా ఆమె పరిస్థితి అదే. పన్నెండేళ్లకు పైగా.

ఇంగ్లండు నుంచి ఏడాది దాటినా ఒక్క ఉత్తరం రాలేదు. ఇప్పుడు మెసేజ్ పెట్టి బ్లూ టిక్ పడకపోతే పది నిమిషాల్లో మనకు ఊపిరాడదు. ఆయనకు తనను పంపినవాళ్లు తనను గుర్తుపెట్టుకున్నారో లేదో కూడా తెలియదు.

ఆ రోజుల్లో కేరీ డైరీ రాసేవారు. అది చదివితే ఓపికకు మారుపేరైన మహాత్ముడు కనబడడు. మనసు ఎండిపోయిందని, ప్రార్థన రావడం లేదని, తాను బద్ధకస్తుణ్ణని రాసుకున్నారు. ఒకరోజు నిరాశ. మర్నాడు బైబిల్లో ఏదో కీర్తన చదివి కొంచెం ధైర్యం. ఆ మర్నాడు మళ్లీ నిరాశ. ఓపిక ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఏ రోజుకు ఆ రోజు అడిగి తెచ్చుకున్నది.

ఆయన నమ్మకం ఒక్కటే. విత్తనం వేయడం తన పని, మొలకెత్తించడం దేవుడి పని. రెండో పని తనది కాదు కాబట్టి అది ఎప్పుడు జరుగుతుందన్న లెక్క కూడా తనది కాదు. మొదటి పని మాత్రం పూర్తిగా తనదే కాబట్టి దాన్ని రేపటికి వదలకూడదు. అందుకే ఆ ఖాళీ ఏళ్లు ఖాళీగా లేవు. పగలు ఫ్యాక్టరీ. మిగతా సమయంలో బెంగాలీ, సంస్కృతం. ఊరి పిల్లలకు చిన్న బడి. ఆదివారం కూలీలకు వాక్యం చెప్పడం. రాత్రి దీపం ముందు కొత్త నిబంధన బెంగాలీ అనువాదం. ఈ గదిలో అనువాదం సాగుతుంటే పక్క గదిలో భార్య కేకలు.

ఇంత చేసినా, బెంగాలీవాళ్లలో ఒక్కరు కూడా క్రీస్తును నమ్మి ముందుకు రాలేదు. తనకు భాష నేర్పిన మున్షీ రామ్ రామ్ బసు మీద కేరీ ఎంతో ఆశ పెట్టుకున్నారు. ఆయనా రాలేదు. ఏడాది, రెండు, మూడు... ఆరేళ్లు గడిచాయి. ఇంగ్లండులో చందా ఇస్తున్నవాళ్లకు ఏమని రిపోర్టు రాయాలి? మన ప్రోగ్రెస్ కార్డు లెక్కలో అయితే ఆరేళ్లూ సున్నా.

1800 డిసెంబర్ 28

1799లో ఇంగ్లండు నుంచి జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హానా, ముద్రణ పని తెలిసిన విలియం వార్డ్, మరికొందరు వచ్చారు. కంపెనీ వాళ్లను తన ప్రాంతంలో ఉండనివ్వలేదు. అందుకని కలకత్తాకి దగ్గర్లో డెన్మార్క్ పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌లో దిగారు. క్రైస్తవ పుస్తకాల్లో సేరంపూర్ అని రాసేది ఈ ఊరినే. 1800 జనవరిలో కేరీ కుటుంబం కూడా అక్కడికి చేరింది. ఒక చెక్క ప్రెస్సు, కట్టలుగా అనువాదం కాగితాలు. పదేళ్లు నిండని పనికి ఆస్తి అదే.

ఆ నవంబర్‌లో కృష్ణ పాల్ అనే వడ్రంగి జారిపడి భుజం జారింది. డాక్టర్ థామస్ వెళ్లి సరిచేశారు. నొప్పి తగ్గాక కృష్ణ పాల్ వాళ్ల మాటలు వినడానికి రావడం మొదలుపెట్టాడు. కులం పోతుందని తెలిసీ వాళ్లతో కూర్చుని భోజనం చేశాడు. ఊరు మీదకు వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 28న హుగ్లీ నదిలో కేరీ అతనికి బాప్తిస్మం ఇచ్చారు. అతనితో పాటే తన కొడుకు ఫెలిక్స్‌కి కూడా. బెంగాల్‌లో అడుగుపెట్టిన ఏడేళ్లకు ఒక్కరు.

ఆ రోజు కూడా సంతోషం పూర్తిగా దక్కలేదు. పదిహేడేళ్లుగా ఈ రోజు కోసం కలగన్న థామస్ ఆనందం తట్టుకోలేక మతిచలించి ఒక గదిలో ఉన్నారు. ఇంకో చోట డొరొతీ గదిలోంచి కేకలు. వాటి మధ్యే నది ఒడ్డున పాటలు పాడారు. ఎదురుచూపు ఫలించిన రోజు కూడా మన ఇంటి కష్టాలన్నీ మాయమై రాదు. వాటి పక్కనే వచ్చి నిలబడుతుంది.

ఇంట్లో పిల్లల సంగతి

ఇక తల్లిదండ్రులుగా మనం జాగ్రత్త పడాల్సిన చోటికి వచ్చాం.

శ్రీరాంపూర్‌కి వచ్చేసరికి కేరీ కొడుకులు ఎవరి మాటా వినని స్థితిలో ఉన్నారు. తల్లికి మతి లేదు. తండ్రికి తీరిక లేదు. పైగా కేరీకి ఎవరినీ గట్టిగా అనే అలవాటు లేదు. అనువాదం విషయంలో ఆయన చూపింది ఓపిక. పిల్లల విషయంలో అదే గుణం పట్టించుకోకపోవడంగా మారింది. కొత్తగా వచ్చిన మార్ష్‌మన్ దంపతులకూ వార్డ్‌కీ ఇది చూసి మనసు కష్టమైంది.

వాళ్లు విమర్శించి ఊరుకోలేదు. పెద్దవాడు ఫెలిక్స్‌ని వార్డ్ తన వెంట తిప్పుకున్నారు. ప్రెస్సులో పని నేర్పారు, స్నేహితుడిలా మాట్లాడారు. హానా మార్ష్‌మన్ తన పిల్లలతో పాటు ఈ తల్లి ఉండీ లేని పిల్లలకూ తిండి, బట్టలు, చదువు చూసుకుంది. ఆమె, ఆమె భర్త 1800లోనే శ్రీరాంపూర్‌లో ఫీజులు కట్టే పిల్లల కోసం బోర్డింగ్ స్కూళ్లు తెరిచారు. మిషన్ ఖర్చుల్లో చాలా భాగం ఆ ఫీజులతోనే నడిచింది. ఫెలిక్స్ నదిలో తండ్రి చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడంటే, ఆ ఏడాదంతా అతని పక్కన నిలబడిన వార్డ్ పాత్ర అందులో చాలా ఉంది.

ఫెలిక్స్ తర్వాత బర్మా వెళ్లాడు, దారి తప్పాడు, పడవ ప్రమాదంలో భార్యనూ పిల్లలనూ పోగొట్టుకున్నాడు, చివరికి శ్రీరాంపూర్ తిరిగొచ్చి తండ్రికి అనువాదాల్లో సాయం చేశాడు. 1822లో తండ్రి కంటే ముందే కన్నుమూశాడు. కేరీ ఆ కొడుకు కోసం కూడా ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కానీ చిన్నప్పుడు పిల్లవాడికి కావలసింది ఎదురుచూసే తండ్రి కాదు, పక్కన కూర్చునే తండ్రి. ఆ లోటు వేరొకరు పూడ్చారు. మన పిల్లల విషయంలో వేరొకరు వస్తారన్న భరోసా లేదు.

బూడిదైన తెలుగు వ్యాకరణం

మొదట్లో చెప్పిన చుట్టరికం ఇదే. 1801లో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ బెంగాలీ బోధకుడయ్యారు. తర్వాత సంస్కృతం, మరాఠీ కూడా చెప్పారు. వచ్చిన జీతాన్ని మిషన్‌కే ఇచ్చేశారు. అదే ఏడాది బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. ఆ తర్వాత ఒక్కొక్క భాషే చేపట్టారు. పండితుల సాయంతో నేర్చుకోవడం, వ్యాకరణం రాయడం, అనువదించడం, ఆ లిపికి అచ్చు అక్షరాలు పోతపోయించడం. వాటిలో మన తెలుగు ఒకటి.

1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ప్రెస్సులో మంటలు లేచాయి. కేరీ ఆ రోజు కలకత్తాలో పాఠం చెబుతున్నారు. కప్పు కూలింది. కాగితం నిల్వలు, ఎన్నో లిపుల అచ్చు అక్షరాలు, పుస్తకాలు పోయాయి. అన్నిటికంటే పెద్ద నష్టం రాతప్రతులు. ఏళ్లపాటు కూర్చిన బహుభాషా నిఘంటువు, పంజాబీ వ్యాకరణం, తెలుగు వ్యాకరణం. జిరాక్స్ లేదు, పెన్‌డ్రైవ్ లేదు. ఉన్నది ఒక్కటే ప్రతి. అది బూడిద.

మర్నాడు మార్ష్‌మన్ వెళ్లి చెప్పగా కేరీ కళ్లనీళ్లతో వచ్చి ఆ బూడిదలో తిరిగారు. తర్వాత వచ్చిన ఆదివారం 46వ కీర్తన మీద ప్రసంగం చేశారు. భూమి కదిలినా దేవుడు ఆశ్రయంగా ఉంటాడని, ఊరకుండి ఆయనను తెలుసుకోవాలని చెప్పే కీర్తన అది. సోమవారం నుంచి మళ్లీ పని. ప్రెస్సు యంత్రాలు కాలకుండా మిగిలాయి. కరిగి ముద్దైన సీసాన్నే మళ్లీ అక్షరాలుగా పోతపోశారు. కబురు తెలిసి ఇంగ్లండులో జనం కొద్ది వారాల్లోనే నష్టానికి సరిపడా డబ్బు పోగుచేసి పంపారు.

పోయిన రాతప్రతిని మాత్రం ఎవరూ పంపలేరు. కేరీయే మళ్లీ రాయాలి. అప్పటికి ఆయనకు యాభై దాటింది. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి అడుగు తడబడదన్న ఆలోచనతో మొదలుపెట్టారు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగుకు ఎంతో సేవ చేసిన సి.పి. బ్రౌన్ మద్రాసులో అడుగుపెట్టడానికి మూడేళ్ల ముందు మాట ఇది. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా శ్రీరాంపూర్ నుంచి వచ్చింది. తెలుగు నేల మీద కాపురం ఉండని మనిషి, కాలిపోయిన మన వ్యాకరణాన్ని రెండోసారి కూర్చుని రాశారు. పిల్లవాడు హోంవర్క్ నోట్‌బుక్ పోగొట్టుకున్నానని ఏడిస్తే ఇప్పుడు నేను ఈ కథ చెబుతున్నాను.

ముప్పై ఏళ్లు, ఒక్క పూట

కేరీ 1799లో ఒక నది ఒడ్డున సతీసహగమనం కళ్లారా చూశారు. ఆపాలని ప్రయత్నించారు. వాళ్లు వినలేదు. ఆ రోజు నుంచి దాన్ని ఆపించాలని వివరాలు సేకరించడం, ప్రభుత్వానికి రాయడం మానలేదు. గవర్నర్ జనరళ్లు వచ్చారు, పోయారు. రాజా రామ్మోహన్ రాయ్ వంటివారు కూడా గొంతు కలిపారు. చివరికి 1829 డిసెంబర్ 4న బెంటింక్ సతిని నిషేధిస్తూ చట్టం చేశారు.

అప్పటికి కేరీ ప్రభుత్వ బెంగాలీ అనువాదకులు. ఆ ఆదేశం అనువాదం కోసం ఆయన చేతికి ఆదివారం ఉదయం అందింది. ఆ రోజు చర్చిలో వాక్యం చెప్పాల్సింది ఆయనే. ఆ పని వేరొకరికి అప్పజెప్పి, పండితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సాయంత్రానికి అనువాదం పూర్తి చేశారు. ఒక్క రోజు ఆలస్యమైతే ఎక్కడో ఒక చితి మీద ఇంకో ఆడమనిషి ప్రాణం పోతుంది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి ఆ ఒక్క పూట ఆగలేదు. ఓపికకూ తాత్సారానికీ తేడా అక్కడ కనబడుతుంది.

చివరి రోజుల దాకా ఆయనకు ఇష్టమైన చోటు శ్రీరాంపూర్‌లోని తన తోట. తెల్లవారుజామున అక్కడే ప్రార్థన చేసుకునేవారు. మన సామర్లకోటలో మొక్కల మీద పనిచేసి తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లిన రాక్స్‌బర్గ్ ఆయన స్నేహితుడు. ఒకసారి ఇంగ్లండు నుంచి వచ్చిన విత్తనాల సంచి ఖాళీ చేశాక, అడుగున మిగిలిన మట్టిని తోటలో ఒక మూల దులిపారు. కొన్నాళ్లకు అక్కడ చిన్న డైసీ మొక్క మొలిచింది. తన పల్లెటూరి పొలాల్లో చిన్నప్పుడు చూసిన పువ్వు. ఇంగ్లండు వదిలి అప్పటికి పాతికేళ్లు దాటింది. ఆయన పొంగిపోయి స్నేహితులకు ఉత్తరాలు రాశారు.

ఇంగ్లండులో ఆయన చెల్లెలు మేరీ పక్షవాతంతో దశాబ్దాలపాటు మంచం మీదే ఉండి అన్న కోసం ప్రార్థన చేసింది. ఆమె చేసిన పని ఏ రికార్డులోనూ అంకెగా కనబడదు. అన్న ప్రతి ఉత్తరంలోనూ తన పని వివరాలు ఆమెకు రాసేవారు.

1834 జూన్ 9న డెబ్బై రెండేళ్ల వయసులో కేరీ శ్రీరాంపూర్‌లో కన్నుమూశారు. ఆఖరి రోజుల్లో చూడవచ్చినవాళ్లు పొగిడితే, తన గురించి కాదు, తన రక్షకుడి గురించి చెప్పుకోమనేవారు. ఆయనా, మిత్రులూ 1818లో స్థాపించిన కాలేజీ ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లో పాస్టర్లు చదివే బీడీ పట్టా మీద ఆ సేరంపూర్ పేరు ఇవాళ్టికీ కనబడుతుంది.

ఆ నాన్నగారికి

ఆ మూడో తరగతి బాబు నాన్నగారికి నేను చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతాను. ఎన్నాళ్లు అన్నది నాకు తెలియదండి. ఎప్పుడో ఒకరోజు మీ బాబు మాట్లాడతాడు. ఆ రోజును పిలిపించడం మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కేరీ దాన్ని దేవుడి చేతిలో పెట్టి నిద్రపోగలిగారు. మీ విశ్వాసం ఏదైనా, ఆ బరువు ఎక్కడో ఒకచోట దించుకోండి. అది బాబు వీపు మీద మాత్రం పెట్టకండి.

మన చేతిలో ఉన్నది ఇవాళ్టి రాత్రి. పావుగంట ఫోన్ పక్కన పెట్టి, వాడి ఇంగ్లిష్ పుస్తకంలో ఒక పేజీ వాడితో చదివించుకోండి. మీకు ఇంగ్లిష్ రాకపోతే మరీ మంచిది, దాని అర్థం తెలుగులో మీకు చెప్పమనండి. తప్పు చెప్పినా ఆపకండి. క్లాసులో నా వంతు పావుగంట నేను ఇస్తాను. రోజూ వాడు ఒక్క వాక్యమైనా నాతో మాట్లాడాకే గంట కొడతారు.

వచ్చే మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు కంటే ముందు, ఈ పావుగంటలు ఎన్ని కుదిరాయో మనం ఒకరినొకరు అడుగుదాం. నాకు కుదరని రోజులుంటే అవి కూడా చెబుతాను.